తలకు 1,300 రూపాయల మెక్సికన్ భోజనం: పెట్టిన డబ్బుకు తగిన తిండేనా?

పురసవాక్కం, కీల్పాక్కం, వేపేరి ప్రాంతాల తెలుగు ఇళ్ళలో పుట్టినరోజుకో పెళ్ళిరోజుకో బయట భోంచేయడానికి ఒకప్పుడు పెద్దగా ఆలోచించేవాళ్ళు కాదు. హైరోడ్డు మీద ఏదో ఒక శాకాహార హోటల్, అరిటాకు సాపాటు, పిల్లలకు చివర్లో ఐస్‌క్రీమ్. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళాలో తేల్చేది పిల్లలు, మనవలు. డాలస్ నుంచో శాన్ హోసే నుంచో సెలవులకు వచ్చిన మనవరాలు "తాతయ్యా, మెక్సికన్‌కి వెళ్దాం" అంటుంది. నుంగంబాక్కం వైపో ఆళ్వారుపేట వైపో మంచి పేరున్న చోటు చూసి ఆరుగురికి బల్ల బుక్ చేస్తారు. బిల్లు వచ్చాక తాతయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదువుతాడు. ఇంటికొచ్చాక బామ్మ ఇంత అన్నం, మజ్జిగ కలుపుకుని తింటుంది.

ఎనిమిది వేలు ఖర్చుపెట్టి పెద్దవాళ్ళను ఆకలితో ఇంటికి తీసుకురావడం ఎవరికీ సంతోషం కాదు. అలాగని పిల్లల కోరిక తప్పూ కాదు. అమెరికాకు చదువుకోవడానికి వెళ్ళిన శాకాహార తెలుగు పిల్లలకు అక్కడ ఊరూరా దొరికే, కాస్త కారంగా ఉండే, మాంసం లేని తిండి చాలాసార్లు బీన్స్ బురిటో ఒక్కటే. టెక్సాస్‌లో స్థిరపడిన మనవాళ్ళకు అది దాదాపు ఇంటి తిండి అయిపోయింది. వాళ్ళకది జ్ఞాపకం, ఇక్కడి వాళ్ళకు కొత్త. ఈ రెండింటి మధ్య ధర దగ్గర గొడవ వస్తుంది. కాబట్టి ఆ డబ్బు దేనికి పోతోందో, అందులో దేనికి ఇవ్వవచ్చో, దేనికి ఇవ్వనక్కర్లేదో చూద్దాం.

ముందుగా బిల్లు. ఇది ఏ ఒక్క హోటల్‌దీ కాదు, లెక్క అర్థం కావడానికి వేసుకున్న నమూనా. ఆరుగురు కూర్చున్నారు. గ్వాకమోలే ఒకటి 550, నాచోలు ఒక పళ్ళెం 500, టాకోలు మూడు ప్లేట్లు 600 చొప్పున 1,800, ఎంచిలాడాలు రెండు 700 చొప్పున 1,400, తలా ఒక చల్లని పానీయం 300 చొప్పున 1,800, చివర్లో చుర్రోలు రెండు ప్లేట్లు 800. మొత్తం 6,850. దానిమీద 10 శాతం సర్వీస్ చార్జి 685. రెండూ కలిపిన 7,535 మీద 5 శాతం జీఎస్టీ, అంటే ఇంకో 377. మొత్తం 7,912. తలకు 1,300 దాటింది. మెట్రో పనుల పుణ్యమా అని డౌటన్, కెల్లీస్ దాటడానికే పట్టే సమయం, పోను రాను క్యాబ్ ఖర్చు వేరే.

ఈ బిల్లులో మొదట చూడవలసింది పానీయాల వరస. మొత్తంలో పావు భాగానికి పైగా అక్కడే పోయింది. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు అసలు విషయం, మొక్కజొన్న.

మెక్సికో వాళ్ళకు మొక్కజొన్న మనకు వరి లాంటిది అంటే తక్కువ చెప్పినట్టే. సుమారు 9,000 ఏళ్ళ క్రితం దక్షిణ మెక్సికోలో తెయోసింతే అనే ఒక గడ్డిజాతి మొక్కను సాగుచేసి, ఎంపిక చేసుకుంటూ వచ్చి, ఈనాటి పొత్తును తయారుచేసింది అక్కడి రైతులే. ఆ గింజను వాళ్ళు నేరుగా పిండి పట్టించరు. నీళ్ళలో సున్నం వేసి ఉడికిస్తారు. మనం తాంబూలంలో రాసుకునే తడిసున్నం లాంటిదే. రాత్రంతా ఆ నీళ్ళలోనే నాననిచ్చి, పొద్దున పైపొట్టు పోయేలా రుద్ది కడిగి, తడిగానే రుబ్బుతారు. ఆ ముద్దను మాసా అంటారు. దాన్ని చిన్న ఉండలు చేసి, వత్తి, పెనం మీద కాల్చితే టోర్టీయా. సున్నంలో ఉడికించిన ఈ గింజకు నిక్స్తమల్ అని పేరు.

సున్నం ఎందుకంటే, మన ఆడవాళ్ళకు అనుభవంలో ఉన్న కారణం ఒకటి: మొక్కజొన్న పిండిలో గోధుమపిండిలా జిగురు ఉండదు. జొన్నరొట్టె చేసేవాళ్ళు మరిగే నీళ్ళు పోసి కలపడం, అరచేత్తో తట్టడం దీనికే. సున్నంలో ఉడికిన మొక్కజొన్న ముద్ద మాత్రం విరగకుండా పలచగా సాగుతుంది. ఆ వాసన కూడా వేరు. వాన పడ్డ మట్టిగోడ గుర్తొస్తుంది.

రెండో కారణం ఆరోగ్యానిది, మన తెలుగు నేలకు సంబంధం ఉన్నది. మొక్కజొన్నలో ఉండే నయాసిన్ అనే విటమిన్ మన ఒంటికి పట్టని రూపంలో బంధించి ఉంటుంది. సున్నం దాన్ని విడదీస్తుంది. కొలంబస్ తర్వాత మొక్కజొన్న ఐరోపాకు చేరింది కానీ సున్నం పద్ధతి దానివెంట వెళ్ళలేదు. ఫలితంగా స్పెయిన్, ఉత్తర ఇటలీల్లో మొక్కజొన్న మీదే బతికిన పేదలకు పెల్లాగ్రా పట్టుకుంది. చర్మం మాడినట్టయ్యే, మతి కూడా తప్పించే జబ్బు అది. దక్కన్‌లో జొన్న తిని బతికే బీదవాళ్ళలోనూ పెల్లాగ్రా కనిపించేది. దాని కారణాన్ని వెతికినవాళ్ళలో ముఖ్యుడు డాక్టర్ సి. గోపాలన్. సేలంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు డైరెక్టర్ అయినవాడు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండడానికీ ఈ జబ్బుకూ సంబంధం ఉందని ఆయన, శ్రీకంటియా కలిసి 1960లో ప్రతిపాదించారు. దానిమీద శాస్త్రవేత్తల్లో వాదాలు నడిచాయి, అది వేరే కథ. ఇక్కడ మనకు కావలసింది ఒక్కటే. మంచి మెక్సికన్ వంటశాలలో రోజూ పొద్దున జరిగే ఆ సున్నం పని వేల ఏళ్ళ అనుభవంతో వచ్చిన విద్య. డబ్బు పెట్టదగినది అదే.

చిక్కు ఏమిటంటే, మెక్సికన్ అని పేరున్న ప్రతిచోటా ఈ పని జరగదు. చాలాచోట్ల వచ్చేది మైదా టోర్టీయా. అది ఉత్తర మెక్సికోలో, టెక్సాస్‌లో నిజంగానే తినేదే, మోసం అనలేం. కానీ అది ఇంచుమించు పెద్ద చపాతీ. మెత్తని మైదా చపాతీలో రాజ్మా, చీజ్ పెట్టి కాల్చి ఇస్తే 600 ఇవ్వాలా అన్న బామ్మ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. మధ్యరకం ఇంకోటి ఉంది. సున్నంలో ఉడికించి ఎండబెట్టి పొడి చేసిన మాసా పిండిని బయటి దేశం నుంచి సంచుల్లో తెప్పించి, నీళ్ళతో కలిపి, ఇక్కడే కాల్చేవాళ్ళు. అదీ పరవాలేదు. మన కిరాణా కొట్లో కార్న్‌ఫ్లోర్ పేరుతో దొరికే తెల్లపొడి మాత్రం వీటిలో ఏదీ కాదు, అది ఉత్త గంజిపొడి. పంజాబీల మక్కీ పిండీ ఇదికాదు, దానికి సున్నం తగల్లేదు. ఇంట్లో చేద్దామని యూట్యూబ్ చూసి ఆ పిండితో టోర్టీయా వత్తి, ముక్కలు ముక్కలై విసిగిపోయినవాళ్ళు ఉంటే, తప్పు మీ చేతిది కాదు.

అందుకని బల్ల బుక్ చేసేటప్పుడే ఫోన్లో ఒక్క ప్రశ్న అడగండి. "టోర్టీయా మీరే చేస్తారా, మొక్కజొన్నదా మైదాదా?" తడుముకోకుండా జవాబు వస్తే వెళ్ళవచ్చు. "రెండూ ఉన్నాయి సార్, చాలా బాగుంటాయి" అని దాటేస్తే ఆ డబ్బుతో వేరే ఏదైనా తినడం మేలు. నా మటుకు నేను ధర తగినదా కాదా అనేది సగం ఈ ఒక్క ప్రశ్నతోనే తేల్చుకుంటాను.

మద్రాసుకు ఈ వంట మరీ కొత్తదేం కాదు. కేథడ్రల్ రోడ్డులో హాట్ బ్రెడ్స్ పైన డాన్ పెపే అని ఒకటుండేది. ఈ ఊరి వాళ్ళలో ఒక తరానికి మెక్సికన్ అంటే అదే. తర్వాత 2010లో టాకో బెల్ బెంగుళూరులో మొదటి దుకాణం తెరిచింది, అక్కణ్ణుంచి మిగతా ఊళ్ళకు పాకింది. ఇవన్నీ ఎక్కువగా టెక్సాస్ సరిహద్దు రుచులు: చీజ్ ధారాళం, నాచోలు, మీగడ. నాచోలు కూడా ప్రాచీనమైనవేం కావు. సరిహద్దులో ఉన్న పియెద్రాస్ నెగ్రాస్ అనే ఊళ్ళో ఇగ్నాసియో అనాయా అనే ఆయన 1940 దశకం మొదట్లో, వేళకాని వేళ వచ్చిన అతిథులకు ఉన్నవాటితో సర్ది పెట్టిన పళ్ళెం అది. నాచో అనేది ఇగ్నాసియోకు ముద్దుపేరు. 2010లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది మాత్రం దీన్ని కాదు, మొక్కజొన్న, చిక్కుడుగింజ, మిరపకాయ మూలంగా సాగే అక్కడి పల్లెల సంప్రదాయ వంటను.

ఇక మిరపకాయ. మన పెద్దవాళ్ళ నుంచి వచ్చే మొదటి ఫిర్యాదు, "పేరు గొప్ప, కారమే లేదు." నిజమే. మిరప పుట్టిల్లు మెక్సికో. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మనదాకా వచ్చింది. అంతకుముందు మనకు కారమంటే మిరియమే, ఆ మాట మీదే మిరపకాయకు పేరు పెట్టుకున్నాం. కానీ అక్కడి వంటలో మిరపకాయ మంట కోసం మాత్రమే కాదు, రుచి కోసం. ఆంచో అనే ఎండుమిరపకాయ ఎండుద్రాక్షలా తియ్యగా ఉంటుంది. చిపోట్లే అంటే పొగబెట్టి ఎండబెట్టిన హలపేన్యో. ఘాటు కొలిచే స్కోవిల్ లెక్కలో హలపేన్యో 2,500 నుంచి 8,000 దాకా ఉంటే, గుంటూరు సన్నం 35,000 నుంచి 40,000. అంటే మన నాలుకకు హలపేన్యో కూరగాయ కింద లెక్క. కారం కావాలనుకునేవాళ్ళు అబనేరో పచ్చడి ఉందా అని అడగండి. అది లక్ష దాటుతుంది, గుంటూరు కూడా తలవంచుతుంది. చిన్న గిన్నెలో తెస్తారు, చాలాచోట్ల దానికి డబ్బు తీసుకోరు.

ఇక్కడ నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది, ఆ బల్ల మీద మనకు పరాయిది ఎంత తక్కువో. సల్సా అంటే కాల్చిన తక్కాళి, ఉల్లి, మిరపకాయ రాతిరోట్లో నూరిన పచ్చడి. వాళ్ళ రోలుకు మూడు కాళ్ళుంటాయి, మోల్కహెతే అంటారు. మాసా రుబ్బే ఏటవాలు రాయి మన సన్నికల్లుకు దాయాది. మొక్కజొన్న పొత్తు ఆకులో ముద్ద పెట్టి ఆవిరి మీద ఉడికించే తమాలే చూస్తే గోదావరి జిల్లాల వాళ్ళకు పనసాకు పొట్టిక్కలు గుర్తొస్తాయి. మోలే అనే ముదురురంగు పులుసులో ఎండుమిరపకాయలు, నువ్వులు, వేరుశనగలు, దాల్చినచెక్క, లవంగాలు వేయించి నూరుతారు. పేరులో లేదుగానీ సగం దాకా అది గుత్తివంకాయ మసాలాయే. పైన కాస్త చాక్లెట్ కలుస్తుంది, తీపి కోసం కాదు, చేదు కోసం. ఇరవైకి పైగా దినుసులు, గంటల తరబడి పని. మోలే నిజంగా వాళ్ళ వంటింట్లోనే చేస్తే ఆ 700 రూపాయల ప్లేటు ఖరీదు ఎక్కువేం కాదు. ఇంట్లో చేసుకోలేం, చేసుకోవడానికి ఆ మిరపకాయలు పురసవాక్కంలో దొరకవు.

మన తోటలకూ వాళ్ళ తోటలకూ ఉన్న చుట్టరికం ఇంకా పాతది. తక్కాళి, బొప్పాయి, సపోటా, తియ్యగుమ్మడి అన్నీ ఆ వైపు నుంచి వచ్చినవే. సపోటా పేరు కూడా అక్కడి నహువాత్ల్ భాషదే. సంక్రాంతికి గుమ్మానికి కట్టే బంతిపూలు సైతం మెక్సికో మొక్కే. వాళ్ళు నవంబరు మొదట్లో పితృదేవతలకు ఆ పూలతోనే దారి పరుస్తారు. ఇంతకీ మద్రాసుకు మెక్సికో నాగజెముడును ప్రత్యేకంగా తెప్పించిన సంగతి చాలామందికి తెలియదు. ఎర్రరంగునిచ్చే కోచినీల్ పురుగులను పెంచాలని ఈస్టిండియా కంపెనీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ 18వ శతాబ్దం చివర్లో సైదాపేటలో జెముడుతోట వేయించాడు. దాన్ని నోపల్రీ అనేవారు. నుంగంబాక్కంలో ఆండర్సన్ రోడ్డు పేరు ఆయనదే. పురుగుల వ్యాపారం ఫలించలేదు. ఆ జెముడు ఆకునే ముళ్ళు తీసి, వేయించి, నోపాలెస్ పేరుతో టాకోలో పెడతారు. మెనూలో కనిపిస్తే ఒకసారి తినండి, బెండకాయలా జిగురుగా, కాస్త పుల్లగా ఉంటుంది.

పానీయాల సంగతి చెబుతానన్నాను కదా. మెనూలో అగ్వా దె హమాయికా అని ఎర్రటి గ్లాసు ఉంటుంది. అది మన ఎర్రగోంగూర మొక్క పూల కింద ఉండే పుల్లటి ఎర్ర రక్షకపత్రాలను మరగబెట్టి పంచదార కలిపిన నీళ్ళు. గోంగూర జాతి ఆఫ్రికా నుంచి అటూ వెళ్ళింది, ఇటూ వచ్చింది. మనం ఆకు తిన్నాం, వాళ్ళు కాయ తాగారు. తమరిందో అంటే చింతపండు పానకం. ఓర్చాతా అంటే బియ్యం నానబెట్టి రుబ్బి, వడగట్టి, దాల్చినచెక్క, పంచదార వేసిన పాలలాంటి నీళ్ళు. ఇవన్నీ రుచిగానే ఉంటాయి. కానీ చింతపండు నీళ్ళకు ఆరుగురూ తలా 300 ఇవ్వడం నా ఉద్దేశంలో దండగ. ఒకటో రెండో తెప్పించుకుని అందరూ రుచి చూడండి, మిగతావాళ్ళు మంచినీళ్ళు తాగండి. పై నమూనా బిల్లులో ఇలా చేస్తేనే 1,200 దాకా మిగులుతుంది. మంచినీళ్ళు అనగానే సీసా తెరిచేస్తారు, ముందే "మామూలు నీళ్ళు" అని చెప్పండి. సీసా మీద అచ్చువేసిన ధరకన్నా ఎక్కువ తీసుకున్నారని పోట్లాడి లాభం లేదు. కూర్చోబెట్టి వడ్డించే హోటళ్ళు అలా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులోనే తీర్పు చెప్పింది.

కాల్చిన మొక్కజొన్న పొత్తు ఇంకోటి. ఎలోతే అని పేరు. మయొనైజ్, చీజ్ పూసి, కారం చల్లి, నిమ్మరసం పిండి ఇస్తారు. మెరీనాలో బొగ్గుల మీద కాల్చి, ఉప్పూకారం అద్దిన నిమ్మచెక్క రుద్ది ఇచ్చేది దానికి ఏ మాత్రం తీసిపోదు.

గ్వాకమోలే ధర చూసి కూడా చాలామంది ఉలిక్కిపడతారు. ఇక్కడ హోటల్‌ను పూర్తిగా తప్పుపట్టలేం. వెన్నపండు పళనికొండల కింది వాలుల్లో, కొడగులో పండుతుంది. సీజన్‌లో చవకే, కానీ పెద్దగా, నీరుగా ఉంటుంది, గట్టి ముద్ద రాదు. దళసరి తొక్క ఉన్న, వెన్నలాంటి హాస్ రకం ఎక్కువగా దిగుమతి సరుకు. పండిన పండు ఒకటి రెండు రోజుల్లో నల్లబడిపోతుంది. పారేసిన పండ్ల ఖరీదు కూడా మీ గిన్నెలోనే పడుతుంది. అయితే ఇది ఇంట్లో పది నిమిషాల పని. పండు, ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం, ఉప్పు. పెరుగుపచ్చడి చేసే చేతికి ఇది పెద్ద విద్య కాదు.

హోటల్ వ్యాపారంలో ఒక మోటు లెక్క ఉంది. ప్లేటు ధరలో సరుకు ఖర్చు దాదాపు మూడోవంతు. మిగతా రెండు వంతులు అద్దె, జీతాలు, కరెంటు, పాత్రలు, అప్పుల వడ్డీ, చివర్లో మిగిలితే లాభం. 600 రూపాయల టాకోలో 200 రూపాయల తిండి ఉందనుకుంటే, మిగతా 400 మనం ఇచ్చేది ఆ కుర్చీకి, ఏసీకి, ఆ వీధికి. ఇది తెలిసి ఇస్తే బాధ ఉండదు. తిండికే అనుకుని ఇస్తే ఉంటుంది. మద్యం లెక్క పూర్తిగా వేరు. టెకీలా తీసే కిత్తనార జాతి మొక్క పక్వానికి రావడానికే ఆరేడేళ్ళు పడుతుంది. ఆపైన కస్టమ్స్ సుంకం, రాష్ట్రం పన్ను. దానికి జీఎస్టీ వర్తించదు. తాగేవాళ్ళున్న బల్ల బిల్లు తాగనివాళ్ళ బల్లకు పోలికే కాదు, సమానంగా పంచుకునే స్నేహితులు ఇది ముందే మాట్లాడుకోవడం మంచిది.

ఇప్పుడు పెద్దవాళ్ళ విషయం, నాకు డబ్బు కన్నా ముఖ్యమనిపించేది. మన ఇళ్ళలో పుట్టినప్పటినుంచీ మాంసం ముట్టనివాళ్ళు ఉన్నారు. మెక్సికన్ మెనూలో శాకాహారం గుర్తు చాలా కనిపిస్తుంది, బీన్స్, అన్నం, చీజ్ అన్నీ మనకు తెలిసిన మాటలే. అయినా అడగవలసినవి ఉన్నాయి. ముద్దగా మెదిపి వేయించిన బీన్స్‌కు సంప్రదాయంగా వాడేది పందికొవ్వు. మన ఊళ్ళో నూనె వాడేవాళ్ళే ఎక్కువ, కానీ అడిగి తెలుసుకోవడం మన బాధ్యత. ఎర్రటి అన్నాన్ని కోడి ఉడికించిన నీళ్ళతో వండడం అక్కడి అలవాటు, మోలేలోనూ అంతే. కొన్ని విదేశీ చీజ్‌లను దూడ కడుపునుంచి తీసిన రెనెట్‌తో తోడుపెడతారు. మన దేశంలో ప్యాక్ అయిన చీజ్ మీద పచ్చచుక్క ఉంటే ఆ భయం లేదు, వంటింట్లో ఏది వాడుతున్నారో అడగండి. సీజర్ సలాడ్ కూడా మెక్సికో సరిహద్దు ఊరు తిహ్వానాలో పుట్టిందే. దాని పులుసులో చిన్నచేపలు కలుస్తాయి. అన్నిటికన్నా ముందు అడగవలసింది పెనం గురించి. కోడి కాల్చిన పెనం మీదే మీ టోర్టీయా వేస్తున్నారా? వేరే పెనం పెట్టమంటే మంచి హోటళ్ళు పెడతాయి, రద్దీ తక్కువ వేళలో ఇంకా సులువు.

ఇవన్నీ బల్ల దగ్గర బామ్మ ఎదుట అడిగితే ఆమెకు ఒక ముద్ద కూడా దిగదు. ముందురోజే ఫోన్లో అడిగేయండి. ఏకాదశినాడు, శనివారం ఉల్లి వెల్లుల్లి తినని రోజున వాళ్ళను తీసుకెళ్ళడం అన్యాయం, ఆ మెనూలో అవి లేనిది దాదాపు ఏమీ ఉండదు. ఒక సౌకర్యం మాత్రం ఉంది. టాకో చేత్తో తినవలసిన వస్తువు. మెక్సికోలో అందరూ చేత్తోనే తింటారు. ఫోర్కులూ కత్తులూ చూసి బిగుసుకుపోయే తాతయ్యకు ఈ మాట ముందే చెబితే సగం భోజనం సుఖంగా జరిగిపోతుంది. పళ్ళు లేనివాళ్ళకు నాచోలు, గట్టి టాకోలు వద్దు. పులుసులో నానిన ఎంచిలాడా మెత్తగా ఉంటుంది, పక్కన పుల్లమీగడ ఉంటుంది. మన మజ్జన్నానికి అది దగ్గరి చుట్టం కాకపోయినా దూరపు చుట్టం.

ఇక బిల్లు చేతికొచ్చాక. సర్వీస్ చార్జి తప్పనిసరి కాదు. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న దీనిమీద మార్గదర్శకాలు ఇచ్చింది, బిల్లులో తనంత తానుగా కలపకూడదని చెప్పింది. హోటళ్ళ సంఘాలు కోర్టుకు వెళితే ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ మార్గదర్శకాలను సమర్థించింది. కాబట్టి తీసేయమని మర్యాదగా అడగవచ్చు. ఒప్పుకోకపోతే 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. పై నమూనాలో అది తీసేస్తే 7,912 కాస్తా 7,193 అవుతుంది, ఎందుకంటే ఆ చార్జి మీద పడే జీఎస్టీ కూడా పోతుంది. వడ్డించిన కుర్రాడు బాగా చూసుకుంటే అందులోంచి కొంత అతని చేతికే ఇవ్వండి. ఆ కుర్రాడు ఏ శ్రీకాకుళంవాడో అయి తెలుగులో పలకరిస్తే మన పెద్దవాళ్ళు ఎలాగూ ఇస్తారు.

జీఎస్టీ సంగతి. విడిగా ఉన్న రెస్టారెంట్‌కు 5 శాతమే. ఖరీదైన గదులున్న పెద్ద హోటల్ లోపలి రెస్టారెంట్ అయితే 18 శాతం. అదే 6,850 తిండికి సర్వీస్ చార్జి లేకుండానే అక్కడ 8,083 అవుతుంది. రుచి అంతే, పన్నే దాదాపు 900 ఎక్కువ. బల్ల బుక్ చేసేముందు ఇది చూసుకోవలసిందే. బిల్లు మీద 14 అంకెల ఫుడ్ లైసెన్స్ నంబరు కూడా ఉండాలి, 2022 జనవరి నుంచి అది నిబంధన.

మరి వెళ్ళవచ్చా? టోర్టీయా అక్కడే చేస్తారని తెలిస్తే, ఏడాదికి ఒకటి రెండుసార్లు, వెళ్ళవచ్చు. టాకోలు, ఉంటే తమాలే, మోలే పోసిన ఎంచిలాడా, ఈ మూడింటి మీద డబ్బు పెట్టండి. నాచోలు, గ్వాకమోలే, మొక్కజొన్న పొత్తు, తలా ఒక పానీయం, వీటిని తగ్గించండి. ఆరుగురికి నాలుగు ప్లేట్లు ముందు చెప్పి, ఆకలి మిగిలితే మళ్ళీ చెప్పండి. చాలా చోట్ల పనిదినాల మధ్యాహ్నం తక్కువ ధరకు భోజనం ఉంటుంది, రిటైరైన పెద్దవాళ్ళున్న ఇంటికి శనివారం రాత్రి కన్నా అదే నయం, క్యాబ్ కూడా సులువుగా దొరుకుతుంది. వాళ్ళ టోర్టీయా మైదాదైతే, చీజ్ తప్ప రుచి తెలియకపోతే, ఆ ధరకు అది తగదు. పిల్లలు బీన్స్ బురిటోకే మొహంవాచి ఉంటే చవకరకం చోటికి వాళ్ళను వాళ్ళే వెళ్ళి రమ్మనండి.

మిగిలిపోయింది పార్సిల్ కట్టించుకునేటప్పుడు టాకోలు వద్దు, ఇంటికొచ్చేలోపు చల్లారి సాగిపోతాయి. బీన్స్, సల్సా కట్టించుకోండి. మర్నాడు పొద్దున దోసెలోకి బాగుంటాయి.